మాన్పిస్తామని వేసే పన్ను ఎవరి నెత్తిన?

తాగుడు మాన్పించాలంటే మద్యం ధర అందనంత ఎత్తుకు పెంచాలన్న మాట మన దగ్గర వాదన అక్కర్లేని నిజంలా చెలామణి అవుతోంది. టీవీ చర్చలో ఆర్థికవేత్త ఇదే అంటాడు. శాసనసభలో మంత్రి ఇదే అంటాడు. మద్యం వాసన కూడా ఎరగని పెద్దమనిషి అవునని తలాడిస్తాడు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుంది, తగ్గకపోతే ఖజానా నిండుతుంది, ఎలా చూసినా మంచే అన్నది ఈ వాదం సారాంశం. ఏ ఫలితం వచ్చినా తానే గెలిచానని చెప్పుకునే వాదాన్ని ముందుగా అనుమానించాలి. ఇది తప్పుడు లెక్క అని, ఆ తప్పు ఖరీదును పేద ఇళ్ల వంటగదులు భరిస్తున్నాయని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ ఆలోచనకు గొప్ప పుట్టుకే ఉంది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో సంక్షేమ అర్థశాస్త్రం మీద రాసిన గ్రంథంలో దీనికి పునాది వేశాడు. ఒకడు చేసే పని వల్ల పక్కవాడికి నష్టం జరుగుతూ, ఆ నష్టం చేసినవాడి ఖర్చులోకి రాకపోతే, పన్ను వేసి దాన్ని అతని లెక్కలోకి తేవాలన్నది ఆ సూత్రం. ఫ్యాక్టరీ పొగ విషయంలో ఇది చక్కగా నప్పుతుంది. యజమాని జేబు వేరు, ఆ పొగ పీల్చే వీధివాళ్ల జేబు వేరు. యజమాని దగ్గర ఎంత వసూలు చేసినా వీధివాళ్ల కంచంలో మెతుకు తగ్గదు. తాగుడు దగ్గరకొచ్చేసరికి ఆ అమరిక చెదిరిపోతుంది. తాగేవాడి వల్ల అందరికంటే ముందు దెబ్బతినేది భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు. దుకాణంలో పన్ను కట్టేదీ, ఇంట్లో బియ్యం కొనేదీ ఒకే కూలి డబ్బు. ఎవరికి నష్టం జరుగుతోందో వాళ్ల దగ్గరే జరిమానా వసూలు చేసే పన్ను ఇది. పిగూ సూత్రాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క తేడా గురించి మాట్లాడరు.

అంకెల్లో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. లెక్క కోసం ఒక కూలీ ఇంటిని ఊహించుకుందాం. క్వార్టర్ ధర 80 రూపాయలు. అందులో 50 సర్కారుకు, 30 తయారీదారుకు, రవాణాకు, దుకాణానికి. రోజుకొకటి చొప్పున నెలకు 30 క్వార్టర్లు, ఖర్చు 2,400 రూపాయలు. ఇప్పుడు సర్కారు పన్ను పెంచి ధరను 140 చేసింది. ఆ మనిషి నిజంగానే తగ్గించాడు. నెలకు 20 క్వార్టర్లతో సరిపెట్టుకున్నాడు. మూడో వంతు తగ్గుదల, ఏ ఆరోగ్య శాఖైనా గర్వంగా ప్రకటించుకునే విజయం. ఆ ఇంటి ఖర్చు ఎంతయింది? 20 క్వార్టర్లు, ఒక్కొక్కటి 140 చొప్పున, 2,800 రూపాయలు. తాగుడు తగ్గింది, ఇంటికి నెలకు మరో 400 రూపాయలు చిల్లు పడింది. తయారీ వైపు ఆదాయం 900 నుంచి 600కు దిగింది. సర్కారు ఆదాయం మాత్రం 1,500 నుంచి 2,200కు ఎగబాకింది. ఇల్లు పోగొట్టుకున్న 400, తయారీ వైపు పోయిన 300, రెండూ కలిపి 700 రూపాయలు ఒకే చోటికి చేరాయి.

ఇదే లెక్కను ఇంకాస్త ముందుకు నడపండి. ఆ మనిషి 10 క్వార్టర్లకు దిగాడనుకుందాం. ఇంటి ఖర్చు 1,400కు తగ్గుతుంది, ఇల్లు బాగుపడుతుంది. సర్కారు ఆదాయమూ 1,500 నుంచి 1,100కు పడిపోతుంది. అంటే ఆ కుటుంబం బాగా బాగుపడే చోట ఖజానాకు నష్టం, ఖజానా దండిగా నిండే చోట ఆ కుటుంబానికి నష్టం. పన్ను మాన్పిస్తుందా, డబ్బు తెస్తుందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి అవునంటే రెండోదానికి చాలావరకు కాదనాల్సి వస్తుంది. రెండింటికీ ఒకే గొంతుతో అవుననే ప్రభుత్వం ఏదో ఒకచోట ప్రజలకు అబద్ధం చెబుతోంది.

మన కళ్ల ముందే జరిగిన ప్రయోగం ఒకటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వం దశలవారీ మద్యనిషేధం హామీతో వచ్చింది. ఆ అక్టోబరు నుంచి దుకాణాలను సర్కారే నడిపింది, వాటి సంఖ్య తగ్గించింది, పర్మిట్ రూములు ఎత్తేసింది. ఈ పనుల్లో మంచి ఉంది, కాదనను. దాంతో ఆగలేదు. లాక్‌డౌన్ సడలించి 2020 మే 4న దుకాణాలు తెరిచినప్పుడు ధర 25 శాతం పెంచారు. మర్నాడే మరో 50 శాతం కలిపారు. ధర చూసి షాక్ తిని జనం మానేయాలన్నది అప్పుడు బాహాటంగా చెప్పిన ఉద్దేశం. అదే వారం ఢిల్లీ ప్రభుత్వం కూడా 70 శాతం కరోనా రుసుము వేసి, నెల దాటీ దాటగానే జూన్ 10 నుంచి ఎత్తేసింది.

తర్వాత ఏమైంది? కృష్ణా జిల్లా గరికపాడు దగ్గర, కర్నూలు పంచలింగాల దగ్గర, గుంటూరు పొందుగల దగ్గర చెక్‌పోస్టుల్లో తెలంగాణ సీసాలు పట్టుబడటం రోజువారీ వార్త అయింది. కారు డిక్కీల్లో, కూరగాయల బస్తాల కింద, పాల క్యాన్లలో మద్యం సరిహద్దు దాటింది. మద్యం, ఇసుక అక్రమాల కోసమే ప్రత్యేకంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో ఒకటి పెట్టాల్సి వచ్చింది. అంటే తాగుడు తగ్గించడానికి వేసిన పన్ను, ఆ పన్నును కాపాడటానికి ఇంకో పోలీసు విభాగాన్ని అడిగింది. ఆ సిబ్బంది జీతాలు, జీపుల డీజిలు, కోర్టు కేసులు, జైలుకెళ్లిన కుర్రాళ్ల ఇళ్ల గోడు ఎవరి ఖాతాలో రాయాలి? ధర పెంచమని సలహా ఇచ్చేవాళ్ల లెక్కల్లో ఇవి ఎక్కడా కనిపించవు.

సరిహద్దుకు దూరంగా ఉన్న పల్లెల్లో బెల్లం ఊట మళ్లీ పొంగింది. ఇక ప్రకాశం జిల్లా కురిచేడు. 2020 జులై ఆఖరులో అక్కడ శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా ఆంక్షల వల్ల అక్కడి మద్యం దుకాణాలు మూసి ఉండటం ఒక కారణం. దొరికే చోటికి వెళ్లి కొనే స్తోమత లేకపోవడం మరో కారణం. బానిసైన మనిషి శరీరానికి ధర పట్టిక అర్థం కాదు. వణికే చేతులకు ఏది దొరికితే అది కావాలి. ఆ సెప్టెంబరులో తక్కువ రకం మద్యం ధరలను ప్రభుత్వమే దించింది. అక్రమ రవాణా, ప్రమాదకరమైన ద్రవాలు తాగడం పెరిగాయన్నది అప్పుడు చెప్పుకున్న కారణం. 2021 డిసెంబరులో మరోసారి దించింది. 2024 అక్టోబరులో తర్వాతి ప్రభుత్వం 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. రెండు ప్రత్యర్థి పార్టీలు, దారులు వేరైనా చివరకు ధర దించే పనికే వచ్చాయి. ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు ఇంకేం కావాలి?

ఇక్కడ ఒక జవాబు వినిపిస్తుంది. దుకాణాల్లో పెట్టెల అమ్మకం తగ్గింది కదా, అంటే వాడకం తగ్గినట్టే కదా అని. దుకాణం రిజిస్టరు దుకాణంలో అమ్మిన సీసానే లెక్కపెడుతుంది. సరిహద్దు దాటిన సీసా అందులో ఉండదు. ఊరి చివర తుప్పల్లో కాచిన సారా అందులో ఉండదు. శానిటైజర్ ఉండదు. ఒక రిజిస్టరులో అంకె తగ్గితే ఊళ్లో తాగుడు తగ్గిందని చెప్పడం, కొలవని చోటికి జరిగిపోయినదాన్ని మాయమైందని చెప్పడమే.

పన్ను వేసే తీరు కూడా చూడాలి. మన రాష్ట్రాల్లో మద్యం మీద పన్ను ఎక్కువగా సరుకు మూల ధరను పట్టుకుని నడుస్తుంది, అందులో ఉన్న ఆల్కహాల్ పరిమాణాన్ని పట్టుకుని నడవదు. విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42 శాతం పైచిలుకు. మామూలు బీరులో 8 శాతం లోపే. ఆరోగ్యమే ధ్యేయమైతే నిషా తక్కువున్నది చవగ్గా, ఎక్కువున్నది ప్రియంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ధరలు పెరిగిన ఆ కాలంలో బీరు అమ్మకాలు ఘోరంగా పడిపోయాయి. మామూలుగా ఆలోచించే తాగుబోతు ఏం చేస్తాడు? ఇచ్చిన డబ్బుకు ఎక్కువ నిషా ఎందులో వస్తుందో అదే కొంటాడు. తక్కువ హాని నుంచి ఎక్కువ హానికి జనాన్ని తోసే పన్నును ఆరోగ్య పన్ను అని పిలవడం ఎంతవరకు న్యాయం?

పొగాకులోనూ ఇదే కథ. వయోజనుల పొగాకు వాడకంపై 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. బీడీ ఊపిరితిత్తులకు సిగరెట్ కంటే మేలు చేసేదేమీ కాదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్పుల్లో పొగాకు సరుకులకు 40 శాతం శ్లాబు ఖరారు చేస్తూనే, బీడీకి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే ఆడవాళ్ల గురించి ఆలోచించి ఆ నిర్ణయం తీసుకుని ఉంటే ఆ కారణాన్ని నేను గౌరవిస్తాను. అయితే అప్పుడు పన్ను రేటు నిర్ణయించింది ఊపిరితిత్తులు కావని, ఉపాధి అనీ, ఓటు అనీ ఒప్పుకోవాలి. సిగరెట్ ప్రియమైతే పేదవాడు మానేసి బాగుపడతాడన్న వాదన, పక్కనే చవగ్గా బీడీ కట్ట పెట్టి చెప్పే వాదన.

ఎదుటి పక్షం దగ్గర బలమైన ఉదాహరణలు లేవా? ఉన్నాయి. వాటిని దాటవేయకూడదు. బ్రిటన్‌లో 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి అమలు చేసిన శీతల పానీయాల సుంకం మంచి ఫలితమిచ్చింది. 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాములు చేరితే ఒక రేటు, 8 గ్రాములు చేరితే ఇంకా పెద్ద రేటు. మధ్యలో దొరికిన రెండేళ్లలో కంపెనీలు పోటీపడి చక్కెర తగ్గించాయి. మొదట ఏటా 52 కోట్ల పౌండ్లు వస్తాయని వేసుకున్న అంచనాను తర్వాత సగానికంటే కిందికి దించాల్సి వచ్చింది. ఆ పన్ను గెలుపు ఆదాయం పడిపోవడంలోనే ఉంది. అక్కడ పన్ను గురిపెట్టింది తయారీదారు మీద. వాడు సరుకును మార్చగలడు. బానిసైనవాడు తన నరాలను రాత్రికి రాత్రి మార్చుకోలేడు.

స్కాట్లాండ్ 2018 మే నుంచి మద్యానికి కనీస ధర పెట్టింది. 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌కు 50 పెన్స్ కంటే తక్కువకు అమ్మకూడదన్నది మొదట పెట్టిన నియమం. దాని వల్ల కేవలం మద్యం కారణంగా సంభవించే మరణాలు, లేకపోతే ఉండేవాటికంటే సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో తేల్చింది. ధర పని చేస్తుందనడానికి ఇది సాక్ష్యమే. కానీ జాగ్రత్తగా చూడండి. అది పన్ను కాదు, పెరిగిన ధరలో సర్కారుకు నేరుగా వాటా లేదు. కాబట్టి తాగుడు ఎంత తగ్గితే ప్రభుత్వానికి అంత సంతోషం. ధర ఆల్కహాల్ పరిమాణాన్ని పట్టుకుని పెరిగింది. ఊరూరా సారా బట్టీ లేని దేశం అది. ఇన్ని ఉన్నా, తీవ్రంగా బానిసలైనవాళ్లలో కొందరు తిండి తగ్గించుకుని మద్యానికే డబ్బు పెట్టారని ఆ పరిశీలనలోనే బయటపడింది. డెన్మార్క్ 2011 అక్టోబరులో కొవ్వు పదార్థాలపై వేసిన పన్ను సంగతి మరీ క్లుప్తం. జనం వెన్న కోసం జర్మనీ సరిహద్దు దాటారు. 2013 జనవరికల్లా ఆ పన్ను లేదు. మన చెక్‌పోస్టుల దగ్గర జరిగిందీ అదే.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ డబ్బుకు ప్రభుత్వం అలవాటు పడటం. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము రేటు పెంచుకోగలిగే పెద్ద పన్నులు ముఖ్యంగా మద్యం, పెట్రోలు దగ్గరే మిగిలాయి. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి కృషి చేయమని రాజ్యానికి చెబుతుంది, రాష్ట్రాల బడ్జెట్ మద్యం ఆదాయం పెంచమని ఎక్సైజ్ శాఖకు లక్ష్యాలిస్తుంది. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని 2 లక్షల రూపాయలు, మొత్తం 2,600 కోట్లకు పైగా. సీసా మూత తీయకముందే వచ్చిన సొమ్ము అది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాల దరఖాస్తుల మీద దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. లక్షలు పోసి దుకాణం కోసం పోటీపడేవాడు ఊళ్లో తాగుడు తగ్గుతుందని నమ్మి పోటీపడటం లేదు. ఆ డబ్బు తీసుకున్న సర్కారుకూ ఆ సంగతి తెలుసు.

ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2021 చివర్లో చట్టాన్ని సవరించి అమ్మ ఒడి, ఆసరా, చేయూత అనే సంక్షేమ పథకాలను మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కు ముడిపెట్టింది. మరుసటి ఏడాది ఆ కార్పొరేషన్ బాండ్లు అమ్మి, 9 శాతం దాటిన వడ్డీకి, 8,000 కోట్లకు పైగా అప్పు తెచ్చింది. ఆలోచించండి. దశలవారీగా మద్యం లేకుండా చేస్తామన్న రాష్ట్రం, రాబోయే ఏళ్లలో జనం తాగబోయే మద్యాన్ని చూపించి అప్పు తీసుకుంది. ఆ అప్పు తీరాలంటే తాగుడు సాగాలి. దశలవారీ నిషేధం హామీ ఆ బాండ్ల మీద సంతకం పడిన రోజే చచ్చిపోయింది.

ఆ డబ్బు పేదలకే వెళుతోంది కదా అని సమర్థించేవాళ్లున్నారు. ఇది మనసును తాకే వాదన, అందుకే ఎక్కువ ప్రమాదకరమైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 ఏళ్లు నిండిన పురుషుల్లో 100కు 43 మంది తాగుతామని చెప్పారు. పట్నాల్లో కంటే పల్లెల్లో ఈ వాటా ఎక్కువ. పన్ను కట్టేవాళ్లలో ఎక్కువమంది ఎవరో దీన్నిబట్టే అర్థమవుతుంది. భర్త జేబులోంచి నెలనెలా తీసుకున్న దాంట్లో కొంత, ఏడాదికోసారి భార్య ఖాతాలో వేసి, బటన్ నొక్కి ప్రకటించుకోవడం సంక్షేమం అనిపించుకోదు. తాగని ధనవంతుడి దగ్గర ఆస్తి మీద, ఆదాయం మీద తీసుకోవాల్సిన పన్నును తాగే కూలీ మీదికి జరపడమే దాని అసలు ఫలితం. చెడ్డ అలవాటు మీద పన్ను అన్న పేరు ఉండబట్టే ఈ బదిలీని ఎవరూ ప్రశ్నించడం లేదు.

ఈ విషయంలో మనకు పాఠం చెప్పాల్సినవాళ్లు 1992లోనే చెప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై ఊరూరికీ పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు సారా ధర పెంచమని అడగలేదు. ఊళ్లో దుకాణం ఉండకూడదన్నారు. వేలంపాటలు జరగనివ్వలేదు. ధర పెరిగితే అది తమ కొంగుముడి నుంచే పోతుందని వాళ్లకు తెలుసు. సరుకు అందుబాటులో ఉండటమే రోగమని వాళ్లు పట్టుకున్నారు. 1993 అక్టోబరులో సారా రద్దయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ నిషేధం దొంగ రవాణాకు తలుపులు తెరిచిందన్నదీ నిజమే. అందుకే నేను మళ్లీ నిషేధం తెమ్మనడం లేదు. పన్ను అసలే వద్దనడమూ లేదు. పిల్లలు, కుర్రాళ్లు సిగరెట్ మొదలుపెట్టకుండా ధర కొంత ఆపుతుంది. ఇంకా బానిస కానివాడికి ధర ఒక అడ్డు. నేను కాదనేది, బానిసైపోయినవాడి ఇంటి మీద ధర బాదితే మేలు జరుగుతుందన్న మాటను, ఆ మాట చాటున జరుగుతున్న వసూళ్లను.

నిజంగా మాన్పించాలనుకునే ప్రభుత్వం చేయాల్సినవి కష్టమైనవే, కానీ తెలియనివి కావు. పన్నును ఆల్కహాల్ పరిమాణానికి కట్టాలి. పొరుగు రాష్ట్రాలతో మాట్లాడి ధరల మధ్య అగాధం లేకుండా చూసుకోవాలి. కిరాణా కొట్టులో, ఇంటి అరుగు మీద నడిచే బెల్టు షాపును ధర పెంచకముందే మూయించాలి, ఎందుకంటే అర్ధరాత్రి కూడా చేతికందే సీసా ముందు ఏ ధరా అడ్డు కాదు. మద్యం ఆదాయంలో ముందుగా లెక్క కట్టిన వాటా ప్రతి ఏరియా ఆసుపత్రిలో డీఅడిక్షన్ వార్డుకు, మందులకు, కౌన్సెలర్ జీతానికి వెళ్లాలి. మానాలనుకున్న రోజున మనిషికి వెళ్లడానికి ఒక చోటుండాలి. మద్యం రాబడిని తాకట్టు పెట్టి ఒక్క రూపాయి అప్పు కూడా తేకూడదని చట్టం చేయాలి.

అన్నిటికీ మించి, పరీక్ష ఒకటి పెట్టాలి. రేపు ఏ పార్టీ ప్రభుత్వమైనా మద్యం ధర పెంచి, ఇది తాగుడు తగ్గించడానికేనని చెబితే, వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఎక్సైజ్ ఆదాయం అంచనా తెరిచి చూడాలి. ఆ అంకె తగ్గి ఉంటే ఆ మాటను నమ్ముదాం, ఆ పన్నును సమర్థిద్దాం. పెరిగి ఉంటే, ఇది ఆదాయం కోసం పేదవాడి మీద వేసిన పన్ను అని ఒప్పుకుని, ఆ పేరుతోనే శాసనసభలో ఆమోదం తీసుకోమని నిలదీద్దాం.